చిన్న చేతులకు చీపురు – గృహశౌచమున పిల్లల పాలు



ఈ దినము మేము మీతో ముచ్చటింపదలచిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా కనిపించును. ఇది వేదాంత చర్చ కాదు, వ్రతకథ కాదు. ఇల్లు ఊడ్చుట, తుడుచుట, సామగ్రి సర్దుట అను నిత్యకృత్యములలో పసిపిల్లలను ఎట్లు చేర్చుకొనవలెను అనునదే విషయము. "దీనికి ప్రవచనమెందుకు?" అని కొందరికి తోచవచ్చును. కాని ప్రవచనము ముగిసిన పిమ్మట తల్లులు మా వద్దకు వచ్చి అడుగు ప్రశ్నలలో తరచుగా వినవచ్చునది ఇదియే. "అయ్యగారూ, పిల్లవాడికి పదేళ్ళు వచ్చాయి. తిన్న కంచం తీయడు. విడిచిన బట్ట విడిచినచోటే ఉంటుంది. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది. ఏం చేయమంటారు?"

ఆ తల్లులను మేము తిరిగి ఒక ప్రశ్న అడుగుచుందుము. "అమ్మా, ఆ పిల్లవాడు మూడేళ్ళ వయసులో చీపురు పట్టుకుని మీ వెంట తిరిగినప్పుడు మీరేమన్నారు?" చాలమంది ఒక క్షణము ఊరకుందురు. పిమ్మట నవ్వి, "చీపురు లాక్కున్నామండీ" అందురు.

విషయమంతయు ఇందులోనే ఉన్నది. రెండు మూడేండ్ల శిశువునకు ఇంటిపని ఆటవంటిది. తల్లి ఏమి చేయుచున్నదో అదియే తానును చేయవలెనని దానికి ఉబలాటము. ఆ ఉబలాటము ఉన్ననాడు "నీకు చేతకాదు, పాడుచేస్తావు, అవతలికి పో" అని త్రోసివేయుదుము. పదేండ్లు వచ్చి, ఆ ఉబలాటము ఆరిపోయిన పిమ్మట "ఎందుకు చేయవు?" అని దండింతుము. విత్తుకాలమున పొలమును బీడుపెట్టి, కోతకాలమున కొడవలి తీసుకొనిపోయిన రైతువలె ఉన్నది మన వ్యవహారము.

శౌచము చిల్లర పని కాదు

మన పెద్దలు శుభ్రతను చిల్లర పనిగా ఎన్నడును తలపలేదు. పతంజలి మహర్షి యోగసూత్రములలో ఐదు నియమములను చెప్పుచు శౌచమునే మొదట నిలిపినారు. సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము దాని తరువాతనే వచ్చినవి. భాగవతము నవమ స్కంధమున అంబరీష మహారాజు వృత్తాంతము కలదు. అంతటి భూమండలమును ఏలిన రాజు తన మనస్సును శ్రీకృష్ణ పాదములయందును, వాక్కును భగవద్గుణ వర్ణనమునందును, చేతులను హరిమందిరము శుభ్రపరచుట మొదలగు పనులయందును వినియోగించెనని అచ్చట చెప్పబడినది. రాజు చేతులకు దానము చెప్పవచ్చును, ధనుస్సు చెప్పవచ్చును. అయినను వ్యాసభగవానుడు చెప్పినది ఊడ్చుట, తుడుచుటయే. పదునొకండవ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు భక్తుని నడవడిని బోధించుచు, దేవుని యింటిని ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, ముగ్గు తీర్చుట అను సేవలను కపటము లేక, దాసునివలె చేయవలెనని చెప్పెను.

ఈ ధర్మము నేటికిని ఆచరణలో ఉన్నది. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి – ఈ 4 పర్వములకు ముందు వచ్చు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. గోడలు, పైకప్పు, పూజాసామగ్రి అన్నియు శుద్ధిచేసి, నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, గంధము, కుంకుమ, కిచిలీగడ్డ మొదలగు ద్రవ్యములు కలిపిన పరిమళజలమును ఆలయమంతట చల్లుదురు. ఆ సమయమున మూలవిరాట్టును వస్త్రముతో కప్పి ఉంచి, శుద్ధి ముగిసిన పిమ్మట ఆ వస్త్రమును తొలగించి పూజానైవేద్యములు సమర్పింతురు. పూరీక్షేత్రమున రథయాత్రనాడు గజపతి మహారాజు బంగారుపిడి చీపురుతో రథములను ఊడ్చును. దానిని ఛెరా పహరా అందురు. రాజునకే తగిన పని మన పిల్లవానికి తగదా?

చీపురు విషయమై మనుస్మృతి మూడవ అధ్యాయమున ఒక సూక్ష్మమైన మాట ఉన్నది. గృహస్థునకు తెలియకయే ప్రాణిహింస జరుగు స్థానములు ఇంట ఐదు కలవు. అవి పొయ్యి, నూరు రాయి, చీపురు, రోలు, నీటికుండ. ఆ దోషపరిహారముగానే నిత్యము పంచమహాయజ్ఞములు విధింపబడినవి. కనుక ఊడ్చుట యనగా చీపురును విసరివేయుట కాదు. క్రింద చీమ యున్నదా, పురుగు ఉన్నదా అని చూచి ఊడ్చుట. ఈ పనికి పెద్దలకంటె పిల్లలే తగినవారు. వారి కన్నులు నేలకు దగ్గరగా ఉండును. మనకు కానరాని చీమలబారు వారికి మొదట కనిపించును. "అమ్మా, చీమలు వెళ్తున్నాయి, కాసేపు ఆగు" అని పిల్ల అన్నచో, ఆ యింట అహింసా పాఠము ప్రారంభమైనట్లే.

మా పాఠశాల

పూర్వము గురుకులమున బ్రహ్మచారికి విద్యతోపాటు సమిధలు తెచ్చుట, నీరు మోయుట, అగ్నిస్థానమును శుభ్రపరచుట నిత్యవిధులు. అగ్నిని ప్రజ్వలింపజేసిన పిమ్మట దాని చుట్టును చీపురుతో కాక చేతితోనే ఊడ్వవలెనని ఆపస్తంబులు ధర్మసూత్రములలో చెప్పినారు. ఏ శుభ్రత చీపురుతో చేయవలెనో, ఏది చేతితో చేయవలెనో కూడ బాలునకు చిన్ననాడే తెలియవలెనని వారి ఆశయము.

మేము 1958 ప్రాంతమున, ఎనిమిదవ యేట, కోనసీమలో ఒక పాఠశాలలో చేరితిమి. తెల్లవారుజామున లేచినంతనే ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క చోటు. ఒకనికి బావిగట్టు, ఒకనికి గోశాల, మాకు తూర్పు అరుగు. పడమటి అరుగును గురువుగారు తామే ఊడ్చెడివారు. మేము ఏ మూలనైన వదలివేసినచో వారు కోపపడెడివారు కారు. ఆ దినము ఆ మూలనే మమ్ములను కూర్చుండబెట్టి పాఠము మొదలుపెట్టెడివారు. పన్నాలు వల్లించునంతసేపు కాళ్ళక్రింద ఇసుక గుచ్చుకొనుచుండెడిది. మరునాడు ఆ మూల మాకు చెప్పకయే జ్ఞాపకము వచ్చెడిది.

మేము చేసిన తప్పు

ఇంతటి గురువుగారివద్ద నేర్చిన మేము మా యింట ఏమి చేసితిమో కూడ దాచక చెప్పవలెను. మా మనుమడు నాలుగేండ్లవాడై యుండగా ఒక ఉదయమున మేము మడికట్టుకొని పూజకు కూర్చుండి యుంటిమి. వాడొక తడిగుడ్డ తెచ్చి, పూజామందిరపు మెట్టు వద్ద వంగి, "తాతగారూ, నేను తుడుస్తాను" అనెను. "మడి! ముట్టుకోకు! అవతలికి పో!" అని మేము గట్టిగా గద్దించితిమి. వాడు గుడ్డను అచ్చటనే వదలి వెళ్ళిపోయెను. మరునాడు రాలేదు. ఆ పిమ్మట ఎన్నడును రాలేదు. మేమును దానిని గమనింపలేదు.

ఎనిమిదేండ్లు గడచినవి. మా గృహిణి జారిపడి కుడిచేయి విరిగి, కట్టు కట్టించుకొనవలసివచ్చెను. ఒకనాడు ఆమె, "ఆ గది కాస్త ఊడ్చిపెట్టు నాన్నా" అని మనుమని అడిగెను. వాడు పుస్తకమునుండి తల యెత్తకయే, "అది నా పని కాదు నానమ్మా" అనెను. వాని తండ్రి కోపముతో లేచెను. మేము వారించితిమి. వాడు పలికినది వాని మాట కాదు. అది నీ పని కాదని ఎనిమిదేండ్ల క్రిందట వానికి నేర్పినది మేమే.

ఇంకను సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఉపనయనమునకు పూర్వము బాలునకు ఆచారనియమముల బంధము లేదనియు, వానికి మురికి యంటినచో తుడిచి, కడిగి, నీరు చల్లిన చాలుననియు, అట్టి బాలుని స్పర్శవలన పెద్దలకు అశౌచము కలుగదనియు గౌతమ ధర్మసూత్రములు స్పష్టముగా చెప్పుచున్నవి. ఈ సూత్రములను మేము ఎందరో విద్యార్థులకు పాఠము చెప్పితిమి. పాఠము చెప్పిన నోటితోనే ఆ పసివానిని గద్దించితిమి. శాస్త్రము అడ్డు చెప్పలేదు. మా తొందర అడ్డు చెప్పినది. దానికి మడియను పేరు పెట్టుకొంటిమి.

మడి వదలివేయవలెనని మా అభిప్రాయము కాదు. నైవేద్యమునకు వంట, అర్చన మడితోనే జరుగవలెను. కాని ఊడ్చుట, తుడుచుట, నిర్మాల్యము తీయుట, పాత్రలు తోముట అను పనులలో ఎన్నియో స్నానమునకు ముందుగా, పూజకు ముందుగా జరుగవచ్చును. ఆ వేళ అంతయు పిల్లలదే. పని వరుసను కొంచెము మార్చినచో మడియు నిలుచును, పిల్లవాని ఉబలాటమును నిలుచును.

పాటింపవలసిన పద్ధతులు

ఇక ఆచరణ. మొదటిది, చేతికి తగిన పనిముట్టు. పెద్ద చీపురు చిన్నచేతికి బరువు. కొనలు గుచ్చుకొనని మెత్తని చీపురును పొట్టిగా కట్టి ఇవ్వవలెను. చిన్న చేట, అరచేతి యంత గుడ్డ, చెంబెడు నీరు చాలును. ఇటలీ దేశమున మరియా మాంటిస్సోరీ అను విదుషీమణి 1907లో రోము నగరమున శిశువులకు పాఠశాల తెరచి, పిల్లల పరిమాణమునకు సరిపడు బల్లలు, పనిముట్లు ఏర్పరచి, ఊడ్చుట, తుడుచుట, కడుగుట విద్యలో భాగముగా చేసెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశముననే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మన పాఠశాలలలో ఉన్న మర్మమే ఆమెయు కనుగొన్నది.

రెండవది, వయసుకు తగిన పని. రెండు మూడేండ్లవారు ఆటవస్తువులు బుట్టలో వేయుట, చెప్పులు వరుసగా పెట్టుట, విడిచిన బట్ట బుట్టలో వేయుట చేయగలరు. నాలుగైదేండ్లవారు దేవునివద్ద వాడిన పువ్వులు ఏరుట, క్రింది అరలు తడిగుడ్డతో తుడుచుట, అన్నము తిన్నచోట మెతుకులు ఎత్తుట చేయగలరు. ఆరు మొదలు ఎనిమిదేండ్లవారు తమ కంచము తాము కడుగుట, ఒక గది ఊడ్చుట, ఇత్తడి కుందులు చింతపండుతో తోముట చేయగలరు. ఇత్తడిపై పట్టిన మకిలి పులుపునకు విడిపోవును. నల్లని కుంది తన చేతిలో పచ్చగా మెరయుట చూచిన పిల్లకు వేరు బహుమానము అక్కరలేదు.

మూడవది, చెప్పుటకంటె చేసి చూపుట. "సరిగా తుడువు" అన్న మాటకు పసివానికి అర్థము తెలియదు. గుడ్డ పిండుట ఎట్లో, మూలనుండి వాకిలివైపు ఎట్లు రావలెనో నెమ్మదిగా ఒకమారు చేసి చూపవలెను. పెద్దలు కూర్చుండి పిల్లలను పురమాయింపరాదు. గాంధీమహాత్ముడు 1910లో దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గు సమీపమున టాల్‌స్టాయ్ క్షేత్రమును స్థాపించినప్పుడు, ఉపాధ్యాయులు చేయని పనిని పిల్లలను చేయమని అడుగరాదని నియమము పెట్టుకొనెను. మా గురువుగారి పడమటి అరుగు మాకు అప్పుడప్పుడు జ్ఞాపకము వచ్చుచుండును.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. పిల్లవాడు చేసిన పనిని వాని కన్నులయెదుట మరల చేయరాదు. పిల్ల ఊడ్చిన గదిని ఆ క్షణముననే తల్లి తిరిగి ఊడ్చినచో, "నీ పని లెక్కలోనిది కాదు" అని నోటితో చెప్పనక్కరలేదు. రెండు మూలలు మిగిలినచో మిగులనిండు. రేపు ఆ మూలలు చూపి నేర్పవచ్చును.

ఐదవది, పనిని శిక్షగా గాని కూలిగా గాని చేయరాదు. "అల్లరి చేశావు కాబట్టి ఊడ్చు" అన్నచో ఊడ్చుట అవమానమని నేర్పినట్లు. "ఊడిస్తే రూపాయి ఇస్తాను" అన్నచో రూపాయి లేనినాడు ఇల్లు అట్లే ఉండును. పనిలో సంతోషము ఉండవలెను. చైతన్య మహాప్రభువు పూరీలో రథయాత్రకు ముందు గుండిచా మందిరమును భక్తులతో కలసి శుద్ధిచేయుచు, ఎవరు ఎక్కువ చెత్త ప్రోగుచేసినారో చూతమని పందెము పెట్టెననియు, ఆయన ప్రోగే పెద్దదైనదనియు చైతన్య చరితామృతము చెప్పుచున్నది. సంక్రాంతికి ముందు బూజులు దులుపునప్పుడు మన యింటను ఇట్టి పందెము పెట్టవచ్చును.

ఆరవది, జాగ్రత్త. నేల కడుగు యాసిడ్డు, ఫినాయిలు, బ్లీచింగు పొడి పిల్లలకు అందని ఎత్తున ఉండవలెను. వానితో చేయు పని పెద్దలదే. బ్లీచింగు పొడిని యాసిడ్డుతో పెద్దలును ఎన్నడును కలుపరాదు. ఊపిరి తిత్తులను కాల్చు విషవాయువు పుట్టును. పిల్లలను ఎత్తైన బల్లలు ఎక్కనీయరాదు, విద్యుత్తు మీటలను తడిగుడ్డతో తుడువనీయరాదు. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడిగించుట పనిలో చివరి భాగముగా నేర్పవలెను.

ఎవరి పని?

ఇచ్చట రెండు మాటలు నిర్మొగమాటముగా చెప్పవలెను. అనేక గృహములలో చీపురు ఆడపిల్ల చేతికి మాత్రమే ఇత్తురు. మగపిల్లవాడు కాళ్ళు పైకెత్తి కూర్చుండగా అక్క వాని కుర్చీక్రింద ఊడ్చును. ఇది మేము చూచినదే. శౌచము స్త్రీలకు మాత్రమే చెప్పబడిన నియమము కాదు. గురుకులమున ఊడ్చినవారందరును బాలురే.

రెండవ మాట. ఇంటికి పనిమనిషి వచ్చుచున్నది కదా, పిల్లలకెందుకు అని కొందరందురు. తన మురికిని తాను ఎన్నడును తీయని పిల్లవానికి, దానిని తీయువారిపై గౌరవము ఎట్లు కలుగును? వీధి ఊడ్చు మనిషిని చూచి ముక్కు మూసికొనుట పిల్లలు పుట్టుకతో నేర్చినది కాదు, మనలను చూచి నేర్చినది. ఒక గది ఊడ్చి నడుము నొచ్చిన పిల్లవాడు ఆ పని యెంత కష్టమో తెలిసికొనును. ఇంటికి పనికి వచ్చు ఆమెను "నువ్వు" అనక, "అమ్మా" అనియో "అక్కా" అనియో పిలుచును. మా దృష్టిలో నేల శుభ్రపడుటకంటె ఈ ఫలమే గొప్పది.

ముగింపు

మా మనుమని సంగతి చెప్పి ముగింతుము. వానికి మేము ఉపన్యాసము చేయలేదు. మరునాటి ఉదయము చీపురు తీసుకొని మేమే ఆ గది ఊడ్చితిమి. మొదటి దినము వాడు చూడనట్లుండెను. రెండవ దినము, "తాతగారూ, మీకు నడుంనొప్పి కదా" అనెను. "ఉంది నాన్నా" అని మేము ఊడ్చుచుంటిమి. చీపురు ఇచ్చివేయలేదు. నాలుగవ దినమున వాడు చేట తెచ్చి మా యెదుట వంగి పట్టుకొనెను. మేము ఊడ్చితిమి, వాడు ఎత్తెను. నానమ్మ చేతికట్టు విప్పునాటికి చీపురు వాని చేతికి వచ్చెను. నేటికిని కొన్ని దినములు మానుచుండును. ఆ దినములలో మేము మాటాడక మా వంతు చేయుచుందుము.

ఒకనాడు వానితో, "ఆనాడు పూజ దగ్గర నిన్ను గద్దించాను, తప్పు నాదే నాన్నా" అంటిమి. వాడు ఆశ్చర్యముతో, "ఎప్పుడు తాతగారూ?" అనెను. వానికి ఆ ఉదయము జ్ఞాపకమే లేదు. జ్ఞాపకము పోయినను అలవాటు మాత్రము ఎనిమిదేండ్లు నిలిచినది. పసివారి విషయమున మనము భయపడవలసినదియు, ఆశపడవలసినదియు ఇదియే.

ఇప్పుడు వాని చెల్లెలికి నాలుగేండ్లు. ఉదయమున మేము స్నానమునకు పోకముందే ఆ మెట్టును ఆ పిల్ల తుడుచును. రెండు మూలలు వదలివేయును. మేము పూజకు కూర్చుండినప్పుడు ఆ మూలలలోని ధూళి మాకు కనిపించుచునే ఉండును. భగవంతునకును కనిపించుచుండును. ఆయన ఆగ్రహించునని మేము అనుకొనము.

కావున మహాశయులారా, రేపు ఉదయమున మీ యింటి పసిబిడ్డ చీపురు పట్టుకొని మీ వెంట వచ్చినచో, దయచేసి దానిని లాగికొనకుడు. పని కొంచెము ఆలస్యమగును. కానిండు.

శుభం భూయాత్.